ఆన్‌లైన్ హోంవర్క్ కోసం లినక్స్ సర్వర్: గడువు గంటను తట్టుకునేలా వెబ్‌వర్క్‌ను నెలకొల్పే విధానం

బెంగళూరు ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటి సంవత్సరం గణితం చెప్పే తెలుగు అధ్యాపకులు తక్కువేమీ లేరు. ఒక్కో సెక్షన్‌లో అరవై మంది వరకూ విద్యార్థులుంటారు, ఒక్కో అధ్యాపకుడి చేతిలో రెండు మూడు సెక్షన్లుంటాయి. ఇందరి నోటు పుస్తకాలను ప్రతి వారం దిద్దడం మనిషి వల్ల కాదు. దిద్దకుండా ఇచ్చే హోంవర్క్ ఒక గదిలో మొదలై హాస్టల్ అంతా ఒకే చేతిరాత లెక్కలుగా తిరిగి వస్తుంది. ప్రతి విద్యార్థికీ వేర్వేరు అంకెలతో లెక్క ఇచ్చి, రాసిన వెంటనే తప్పొప్పులు చెప్పి, మళ్లీ ప్రయత్నించే అవకాశమిచ్చే వెబ్‌వర్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్ మీద నెలకొల్పుకోవడం ఎలాగో ఇక్కడ అంచెలంచెలుగా వివరిస్తాను.

ఒక్క విషయాన్ని మొదటే మనసులో పెట్టుకోవాలి. హోంవర్క్ సర్వర్ వారంలో చాలాభాగం ఖాళీగానే ఉంటుంది. గడువుకు ముందున్న ఒకటి రెండు గంటల్లో మాత్రం అందరూ ఒక్కసారిగా వచ్చి పడతారు. ఆ గంటలో సర్వర్ చేతులెత్తేస్తే విద్యార్థి నష్టపోయేది నిజమైన మార్కులను. అందుకే యంత్రం పరిమాణం దగ్గర నుంచి బ్యాకప్ వేళ దాకా ప్రతి నిర్ణయాన్నీ ఆ గడువు గంటను దృష్టిలో పెట్టుకొనే తీసుకోవాలి.

కమాండ్లను, ఫైళ్ల పేర్లను ఇక్కడ పలికే తీరున తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయాలి. లినక్స్ పెద్ద అక్షరాన్నీ చిన్న అక్షరాన్నీ వేర్వేరుగా చూస్తుంది కాబట్టి, ప్రాజెక్టు వారి అధికారిక స్థాపన పత్రాన్ని పక్క విండోలో తెరిచి ఉంచుకొని అక్షరక్రమాన్ని దానిలోంచే తీసుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్, ఎందుకు

నేను ఎంచుకున్నది వెబ్‌వర్క్. 1990ల నడుమ అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ పైజర్, మైకేల్ గేజ్ అనే ఇద్దరు గణితాచార్యులు దీన్ని మొదలుపెట్టారు. ఇది పెర్ల్ భాషలో రాసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్; దీనికి లైసెన్సు రుసుము లేదు. దీనితో పాటు లభించే ఓపెన్ ప్రాబ్లం లైబ్రరీలో 35 వేలకు పైగా లెక్కలున్నాయి. కలన గణితం, అవకలన సమీకరణాలు, రేఖీయ బీజగణితం, సంభావ్యత వంటి మన మొదటి, రెండవ సంవత్సరాల పాఠ్యాంశాలకు కావలసినవి వాటిలో చాలావరకు దొరుకుతాయి.

దీని అసలు బలం జవాబును పోల్చే పద్ధతిలో ఉంది. సరైన జవాబు రెండు ఎక్స్ ప్లస్ రెండు అయినప్పుడు, విద్యార్థి రెండు ఇంటూ ఎక్స్ ప్లస్ ఒకటిని కుండలీకరణంలో పెట్టి రాసినా అది ఒప్పుకుంటుంది. అక్షరాలను పోల్చడానికి బదులు, కొన్ని యాదృచ్ఛిక బిందువుల దగ్గర రెండు సూత్రాల విలువలనూ లెక్కించి చూస్తుంది; తేడా సాధారణంగా 0.1 శాతం లోపు ఉంటే సరైనదిగా తీసుకుంటుంది. బహుళైచ్ఛిక ప్రశ్నలతోనే సరిపెట్టుకునే సాధనాలకు ఈ శక్తి లేదు. మీ కళాశాలలో ఇప్పటికే మూడిల్ అనే కోర్సుల నిర్వహణ సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉంటే వెబ్‌వర్క్‌ను ఎల్‌టీఐ అనే ప్రమాణం ద్వారా దానికి కలపవచ్చు; మార్కులు అక్కడికే వెళ్తాయి.

యంత్రం ఎక్కడ ఉండాలి

రెండు దారులున్నాయి. కళాశాల ల్యాబ్‌లోని ఒక మంచి కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చడం ఒకటి, క్లౌడ్‌లో అద్దెకు తీసుకోవడం రెండోది. మొదటిది చవకగా కనిపిస్తుంది గానీ, అందులో మూడు చిక్కులున్నాయి. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ నిలబెట్టేది కాసేపే. ఆ కాసేపట్లో యంత్రం పద్ధతిగా ఆగిపోయేటట్టు నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ వంటి సాఫ్ట్‌వేర్‌తో యూపీఎస్‌ను సర్వర్‌కు అనుసంధానించకపోతే డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంటుంది. చాలా ఫైబర్ కనెక్షన్లలో ఒకే బహిరంగ ఐపీ చిరునామాను ఎందరో చందాదారులకు పంచి ఇస్తారు. అలాంటి చోట బయటి నుంచి మీ సర్వర్‌ను చేరుకోవడం కుదరదు కాబట్టి, స్థిరమైన ఐపీని విడిగా కొనాలి. ఇక మూడోది, సెలవు రోజు రాత్రి ల్యాబ్ తాళం తీసేవారు ఉండరు.

అందుచేత కళాశాలకు సొంత సర్వర్ గది, దాన్ని చూసుకునే మనిషి ఉంటే తప్ప క్లౌడ్‌నే ఎంచుకోమని నా సలహా. డిజిటల్ ఓషన్‌కు బెంగళూరులోనే డేటా సెంటర్ ఉంది. అకామై క్లౌడ్‌కు చెన్నైలో, అమెజాన్‌కు ముంబై, హైదరాబాద్‌లలో ఉన్నాయి. వీటిలో ఏదైనా మనకు దగ్గరే. మూడు సెక్షన్లతో మొదలుపెట్టే విభాగానికి రెండు ప్రాసెసర్ కోర్లు, 4 జీబీ మెమరీ, 50 జీబీ డిస్కు ఉన్న యంత్రం చాలు. దీన్ని ఎప్పుడు పెంచాలో తర్వాత లెక్క కట్టి చూపిస్తాను.

సర్వర్‌కు ఒక డొమైన్ పేరు కూడా కావాలి. కళాశాలకు ఏసీ డాట్ ఇన్ డొమైన్ ఉంటే దాని కిందే హోంవర్క్ అనే ఉపడొమైన్‌ను తెరిచి, సర్వర్ ఐపీకి ఏ-రికార్డు (పేరును ఐపీ చిరునామాకు జతచేసే నమోదు) పెట్టమని కళాశాల సిస్టమ్ అడ్మిన్‌ను ముందుగానే అడగండి. అనుమతి పత్రాలు కదలడానికి పట్టే సమయమే ఈ పనిలో ఎక్కువ.

ఉబుంటు పునాది

ఉబుంటు సర్వర్ 24.04 ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతున్న లినక్స్ విడుదల) తీసుకోండి. దీనికి 2029 వరకు భద్రతా సవరణలు ఉచితంగా అందుతాయి. అంటే అప్పటిదాకా ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాల్సిన పని ఉండదు.

మొదటిసారి లాగిన్ కాగానే సర్వాధికారాలున్న రూట్ ఖాతాలో పని చేయడం మానేసి, "యాడ్‌యూజర్" కమాండ్‌తో మీ పేరు మీద ఒక ఖాతా తెరిచి, దాన్ని సుడో వర్గంలో (అవసరమైనప్పుడు నిర్వాహక అధికారం వాడుకోగల వర్గం) చేర్చండి. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కీని తయారుచేసి, "ఎస్ఎస్‌హెచ్ కాపీ ఐడీ" కమాండ్‌తో సర్వర్‌కు పంపండి. కీతో లాగిన్ అవుతున్నట్టు మరో విండోలో రూఢి చేసుకున్న తర్వాతే ఎస్ఎస్‌హెచ్ అమరికల ఫైల్‌లో పాస్‌వర్డ్ లాగిన్‌నూ రూట్ లాగిన్‌నూ మూసివేయండి. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ విషయంలోనూ వరుస ముఖ్యం: ముందు ఎస్ఎస్‌హెచ్‌కు, 80, 443 పోర్టులకు అనుమతి ఇచ్చి, ఆ తర్వాతే "యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్" అనాలి. వరుస తారుమారైతే మీ సర్వర్ నుంచి మీరే బయటపడతారు. డేటాబేస్ వాడే 3306 పోర్టును బయటికి ఎప్పుడూ తెరవకండి.

"సుడో ఏపీటీ అప్‌డేట్", "సుడో ఏపీటీ అప్‌గ్రేడ్" నడిపి, అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ప్యాకేజీతో భద్రతా సవరణలు వాటంతటవే వచ్చేలా పెట్టండి. అయితే సవరణల తర్వాత యంత్రం తనంతట తాను రీబూట్ అయ్యే అమరికను మాత్రం తెల్లవారుజాముకే పరిమితం చేయండి. 2 జీబీ స్వాప్ ఫైల్‌ను (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) కూడా ఏర్పాటు చేయడం మంచిది. మెమరీ నిండిన క్షణాన కెర్నల్ డేటాబేస్‌ను చంపేయకుండా అది కొంత ఊపిరి ఇస్తుంది.

తర్వాత కావలసిన ప్యాకేజీలు: గిట్ (ప్రాజెక్టు ఫైళ్లను దింపుకోవడానికి), మరియాడీబీ సర్వర్ (డేటాబేస్), ఎంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), నోడ్‌జేఎస్‌తో పాటు ఎన్‌పీఎం (పేజీల రూపానికి), ఇమేజ్‌మ్యాజిక్ (బొమ్మలకు), లేటెక్ (గణిత ముద్రణకు). అధికారిక పత్రంలో ఇచ్చిన పొడవాటి పెర్ల్ మాడ్యూళ్ల జాబితాను ఉన్నదున్నట్టు కాపీ చేసి ఏపీటీకి ఇవ్వండి. లేటెక్ విషయంలో ఒక మాట: టెక్‌లైవ్ ఫుల్ ప్యాకేజీ అనేక గిగాబైట్లను ఆక్రమిస్తుంది, అది అవసరం లేదు. తెర మీద సమీకరణాలను గీసేది విద్యార్థి బ్రౌజర్‌లోని మ్యాథ్‌జాక్స్. సర్వర్‌కు లేటెక్ కావలసింది పీడీఎఫ్ ప్రతులకు, కొన్ని లెక్కల్లోని బొమ్మలకు మాత్రమే. పత్రం సూచించిన కొన్ని టెక్‌లైవ్ ప్యాకేజీలతో పని జరిగిపోతుంది.

డేటాబేస్

మరియాడీబీలో వెబ్‌వర్క్ అనే పేరుతో ఒక డేటాబేస్‌నూ, దాన్ని మాత్రమే చదివి రాయగల ఒక ఖాతానూ తెరవాలి. ఆ ఖాతాకు ఎంచడం, చేర్చడం, మార్చడం, తొలగించడం, పట్టికలను సృష్టించడం, తీసేయడం, సవరించడం, సూచికలు పెట్టడం, పట్టికలకు తాళం వేయడం అనే హక్కులు ఇస్తే చాలు. డేటాబేస్ సర్వర్ మొత్తం మీద అధికారం ఇవ్వకండి. పాస్‌వర్డ్‌ను "ఓపెన్ఎస్ఎస్ఎల్ ర్యాండ్" వంటి సాధనంతో పొడవుగా తయారుచేయండి. దాన్ని మనుషులెవరూ టైపు చేయరు కాబట్టి గుర్తుండాల్సిన పని లేదు.

డేటాబేస్ సృష్టించేటప్పుడు అక్షర సంపుటిని యూటీఎఫ్8ఎంబీ4గా తప్పక పేర్కొనండి. వెబ్‌వర్క్ 2.15 నుంచి యూటీఎఫ్-8ను పూర్తిగా ఆదరిస్తుంది. అంటే లెక్కలోని వాక్యాలను తెలుగులోనో కన్నడంలోనో రాసి ఇవ్వవచ్చు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి బెంగళూరు వచ్చిన పిల్లలకు పద సమస్యల్లో తొలి నెల రోజులు ఈ ఆసరా ఎంతో మేలు చేస్తుందని నా నమ్మకం. పీడీఎఫ్ ప్రతిలోనూ తెలుగు సరిగా రావాలంటే మాత్రం నోటో తెలుగు ఫాంట్‌ను సర్వర్‌లో పెట్టి, ముద్రణ థీమ్ ఫైల్‌లో దాని పేరు చేర్చాలి.

వెబ్‌వర్క్ ఫైళ్లు, అమరికలు

మూల డైరెక్టరీ కిందున్న ఓపీటీ డైరెక్టరీలో వెబ్‌వర్క్ అనే డైరెక్టరీని తెరిచి, అందులోకి "గిట్ క్లోన్"తో రెండు రిపాజిటరీలు (ప్రాజెక్టు మూల ఫైళ్ల భాండారాలు) దింపుకోవాలి. వెబ్‌వర్క్2 అనేది విద్యార్థులు, కోర్సులు, గడువులు చూసుకునే భాగం. పీజీ అనేది లెక్కను తయారుచేసి జవాబును పరీక్షించే భాగం. రెండింటికీ ఒకే సంఖ్య గల విడుదల శాఖను ఎంచుకోండి; ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే లెక్కలు అంతుచిక్కని దోషాలు చూపిస్తాయి. రెండింటి హెచ్‌టీడాక్స్ డైరెక్టరీల్లోకి వెళ్లి "ఎన్‌పీఎం సీఐ" నడపండి. అది చేయకపోతే పేజీలు రూపురేఖలు లేకుండా బోసిగా కనిపిస్తాయి. లైబ్రరీస్ అనే మరో డైరెక్టరీలోకి ఓపెన్ ప్రాబ్లం లైబ్రరీని దింపి, కోర్సెస్ డైరెక్టరీలోకి నమూనా కోర్సు ఫైళ్లను కాపీ చేయండి.

తర్వాత వెబ్‌వర్క్2 కిందున్న బిన్ డైరెక్టరీలోని "చెక్ మాడ్యూల్స్" స్క్రిప్ట్‌ను నడపండి. ఏ పెర్ల్ మాడ్యూల్ లేదో, ఏ బయటి ప్రోగ్రాం కనిపించలేదో అది వరుసగా చెబుతుంది. అన్నీ దొరికాయని అది అనేదాకా ముందుకు సాగకండి. తర్వాత వచ్చే దోషాల్లో చాలావాటికి మూలం ఇక్కడ వదిలేసిన ఒక మాడ్యూలే అయి ఉంటుంది.

అక్కడి కాన్ఫ్ డైరెక్టరీలో, పేరులో డిస్ట్ అనే ముద్రతో నమూనా ఫైళ్లుంటాయి. వాటిని ఆ ముద్ర లేకుండా కాపీ చేసుకొని కాపీల్లోనే మార్పులు చేయాలి. సైట్ కాన్ఫ్ ఫైల్‌లో సర్వర్ పూర్తి చిరునామా, డేటాబేస్ పాస్‌వర్డ్, మెయిల్ సర్వర్ వివరాలు రాయండి. చాలా క్లౌడ్ సంస్థలు మెయిల్ పంపే 25వ పోర్టును మూసే ఉంచుతాయి, అందుకే కళాశాల మెయిల్ సేవ ద్వారా, మీ క్లౌడ్ సంస్థ తెరిచి ఉంచిన పోర్టులో పంపే ఏర్పాటు చేసుకోవాలి. మోజోలిషస్ (వెబ్‌వర్క్ నడిచే పెర్ల్ వెబ్ చట్రం) పేరుతో ఉన్న యామల్ ఫైల్‌లో రహస్య పదం అనే అంశం ఉంటుంది. విద్యార్థుల లాగిన్ కుకీల మీద సంతకం చేసేది అదే. నమూనాలో వచ్చిన విలువ ప్రపంచమంతటికీ తెలిసినది కాబట్టి దాన్ని తప్పనిసరిగా మార్చండి. ఈ ఫైళ్లలో పాస్‌వర్డ్‌లు ఉంటాయి. వాటిని చదివే హక్కు, వెబ్ సర్వర్ నడిచే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా వర్గానికీ మీకూ తప్ప ఇతరులకు ఉండకూడదు.

ఆ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా ఖాతాకే కోర్సెస్, లాగ్స్, తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీల్లో రాసే హక్కు ఇవ్వాలి. రాసే హక్కు లేకపోతే కోర్సు తెరిచే మెట్టు దగ్గరే పని ఆగుతుంది. విసిగిపోయి అన్నింటికీ 777 హక్కులు (ఎవరైనా చదివి రాయగల హక్కులు) ఇచ్చేయడం చాలాచోట్ల కనిపించే అలవాటు. అలా చేస్తే సర్వర్‌లో ఖాతా ఉన్న ఎవరైనా మార్కుల ఫైళ్లను మార్చగలరు. "సీహెచ్ఓన్"తో యజమానిని సరిచేయడమే సరైన దారి.

లెక్కల లైబ్రరీని వెతకడానికి వీలుగా "ఓపీఎల్ అప్‌డేట్" స్క్రిప్ట్‌ను ఒకసారి నడపాలి. అది వేలాది ఫైళ్లను చదివి పట్టికలు నింపుతుంది కాబట్టి సమయం తీసుకుంటుంది, మధ్యలో ఆపకండి.

కాలమండలం గురించి ప్రత్యేకంగా

చిన్నదిగా కనిపించినా గడువు గంటను తలకిందులు చేసే అమరిక ఇది. వెబ్‌వర్క్ అమెరికాలో పుట్టినందువల్ల దాని స్వాభావిక కాలమండలం న్యూయార్క్. దాన్ని మార్చకుండా రాత్రి 9 గంటలు అని గడువు పెడితే, మన గడియారం ప్రకారం అది మర్నాడు ఉదయం 7:30కి ముగుస్తుంది. అమెరికాలో వేసవి వేళలు అమల్లో ఉన్న నెలల్లో అయితే 6:30కి. సెమిస్టర్ నడుమ తేదీ మారగానే గడువు ఒక గంట జరిగిపోతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

మూడు చోట్ల సరిచూడాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ టైమ్‌జోన్" కమాండ్‌తో ఏషియా కోల్‌కతా అని ఇవ్వండి. గడియారం నెట్‌వర్క్‌తో సరిచేసుకుంటున్నదని అదే సాధనం చూపుతుంది. కాన్ఫ్ డైరెక్టరీలోని లోకల్ ఓవర్‌రైడ్స్ ఫైల్‌లో సైట్ స్వాభావిక కాలమండలాన్ని కూడా అలాగే మార్చండి. కోర్సు తెరిచాక (ఆ పద్ధతి కింద ఉంది) దాని అమరికల పేజీలో ఉండే కాలమండలం గడిని చివరగా చూడండి. ఆ తర్వాత ఒక ఉత్తుత్తి సెట్‌కు (సెట్ అంటే ఒకే గడువుతో ఇచ్చే లెక్కల కట్ట) ఐదు నిమిషాల్లో ముగిసే గడువు పెట్టి, చేతి గడియారం చూస్తూ అది మూసుకుంటుందో లేదో పరీక్షించండి.

సేవగా నడపడం, ఎంజిన్‌ఎక్స్, సర్టిఫికెట్

2.18 విడుదల నుంచి వెబ్‌వర్క్ మోజోలిషస్ చట్రం మీద, హిప్నోటోడ్ అనే సొంత వెబ్ సర్వర్‌తో నడుస్తోంది. పాత మార్గదర్శుల్లో కనిపించే అపాచీ, మాడ్‌పెర్ల్ అమరికలను అనుసరించకండి. కాన్ఫ్ డైరెక్టరీలో రెండు సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను నడిపే వ్యవస్థ) సేవా ఫైళ్లు సిద్ధంగా ఉంటాయి. ఒకటి వెబ్‌వర్క్‌ను నడుపుతుంది. రెండోది వెనక వరుసలో మెయిళ్లు పంపడం, మార్కులు మూడిల్‌కు చేరవేయడం వంటి పనులు చేస్తుంది. రెండింటినీ "సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్"తో నమోదు చేసి, సర్వర్‌ను ఒకసారి రీబూట్ చేసి, అవి వాటంతటవే లేచాయో లేదో చూడండి.

హిప్నోటోడ్ లోపలి పోర్టులో మాత్రమే వినాలి. బయటి అభ్యర్థనలను ఎంజిన్‌ఎక్స్ అందుకొని దానికి అందిస్తుంది. ఎంజిన్‌ఎక్స్ అమరికలో అసలు విద్యార్థి ఐపీనీ, హెచ్‌టీటీపీఎస్ వాడుతున్న సంగతినీ తెలిపే ఫార్వర్డెడ్ హెడర్లు చేర్చండి, హిప్నోటోడ్ వైపు ప్రాక్సీ అమరికను ఆన్ చేయండి. సెక్షన్ మొత్తానికి ఒకేసారి పీడీఎఫ్ తయారుచేసేటప్పుడు ఆలస్యం అవుతుంది కాబట్టి, వేచి ఉండే కాలాన్ని రెండు నిమిషాలకు పెంచండి.

సర్టిఫికెట్‌కు సర్ట్‌బాట్‌తో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సేవను వాడండి. ఉచితం, 90 రోజులు చెల్లుతుంది, సర్ట్‌బాట్ దాన్ని తానే పునరుద్ధరిస్తుంది. పునరుద్ధరణ పని చేస్తుందో లేదో "సర్ట్‌బాట్ రెన్యూ డ్రైరన్" అని ఉత్తుత్తిగా నడిపి చూడవచ్చు.

గడువు గంట లెక్క

ఇప్పుడు యంత్రం పరిమాణం సంగతి. విద్యార్థి జవాబు సమర్పించిన ప్రతిసారీ సర్వర్ ఆ లెక్క ప్రోగ్రాంను మొదటి నుంచి నడిపి, అతని అంకెలతో లెక్కను తిరిగి నిర్మించి, జవాబును పోలుస్తుంది. అందువల్ల ఇది మామూలు వెబ్ పేజీ లాంటి పని కాదు, ప్రాసెసర్ మీద పడే పని. హిప్నోటోడ్ కింద కొన్ని వర్కర్ ప్రక్రియలు ఉంటాయి. ఒక్కో వర్కర్ ఒకసారికి ఒక్క విద్యార్థికే సేవ చేసేలా ఉంచాలి.

మెమరీ లెక్క ముందు చూద్దాం. హెచ్‌టాప్ (ప్రక్రియల మెమరీ, ప్రాసెసర్ వాడకాన్ని చూపే సాధనం) తెరిచి, కొంతసేపు లెక్కలు చేసిన తర్వాత ఒక వర్కర్ ఎంత మెమరీ పట్టిందో చూడండి. ఉదాహరణకు అది 200 ఎంబీ అని తేలితే, 4 జీబీలో ఒక జీబీని డేటాబేస్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ వదిలేసి, మిగిలిన మూడు జీబీల్లో పదిహేను వర్కర్లు పడతాయి. యామల్ ఫైల్‌లో అంతకు మించి పెడితే రద్దీ వేళ స్వాప్‌లోకి జారి సర్వర్ మొత్తం నత్తనడక నడుస్తుంది.

ప్రాసెసర్ లెక్క ఇంకా కీలకం. మూడు వందల మంది గడువు చివరి అరగంటలో కూర్చున్నారనుకుందాం. ఒక్కొక్కరు ముప్ఫై సెకన్లకు ఒకసారి సమర్పిస్తే సెకనుకు పది అభ్యర్థనలు వస్తాయి. ఒక్కో అభ్యర్థనకు అర సెకను ప్రాసెసర్ పని పడితే, ప్రతి సెకనుకూ ఐదు కోర్ల పని పోగవుతుంది. మీ దగ్గర రెండే కోర్లుంటే ప్రతి సెకనుకూ మూడు కోర్ల పని వెనకబడుతూ క్యూ పెరుగుతుంది. వర్కర్లు ఎన్ని ఉన్నా ఉపయోగం లేదు. అర సెకను అన్నది ఇక్కడ ఉదాహరణ కోసం తీసుకున్నది. మీ లెక్కలకు నిజంగా ఎంత పడుతోందో లాగ్స్ డైరెక్టరీలోని టైమింగ్ లాగ్ చూపుతుంది. ఆ అంకెతో ఇదే గుణకారం చేయండి.

క్యూ తగ్గించడానికి ఎనిమిది కోర్ల యంత్రం కొనడం ఒక దారి. గడువులను చీల్చడం రెండో దారి, దానికి ఖర్చు లేదు. ఏ సెక్షన్‌కు మంగళవారం, బీ సెక్షన్‌కు బుధవారం, సీ సెక్షన్‌కు గురువారం అని పెడితే రద్దీ మూడో వంతుకు తగ్గి అదే రెండు కోర్ల యంత్రం తట్టుకుంటుంది. సెట్‌ల పేజీలో విద్యార్థులను సెక్షన్ ప్రకారం వడకట్టి వారి గడువులను విడిగా మార్చే వీలుంది. నేను మొదట దీన్నే సిఫారసు చేస్తాను.

తట్టుకుంటుందో లేదో ముందే పరీక్షించాలంటే అపాచీ బెంచ్ వంటి సాధనంతో లాగిన్ పేజీని వేలసార్లు తెరవడం వల్ల ఏమీ తెలియదు. ఆ పేజీకి లెక్క నిర్మించే పని లేదు. కంప్యూటర్ ల్యాబ్ పీరియడ్‌లో ఒక సెక్షన్‌ను కూర్చోబెట్టి, అందరినీ ఒకే వేళకు జవాబులు సమర్పించమని చెప్పి, మీరు హెచ్‌టాప్ ముందు కూర్చోవడం అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష.

కోర్సు, విద్యార్థుల జాబితా

"యాడ్‌కోర్స్" స్క్రిప్ట్‌తో ముందుగా అడ్మిన్ అనే కోర్సును తెరవాలి. మిగతా కోర్సులన్నీ దాని లోపలి నుంచే తెరుచుకుంటాయి. అడ్మిన్ ఖాతాకు స్వాభావిక పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అనే ఉంటుంది. లాగిన్ కాగానే చేయవలసిన మొదటి పని దాన్ని మార్చడమే. 2.19 నుంచి రెండంచెల ధ్రువీకరణ ఉంది, అడ్మిన్ కోర్సుకు దాన్ని వదులుకోకండి.

విద్యార్థుల జాబితాను కామాలతో వేరు చేసిన ఫైల్‌గా ఎక్కించాలి. ఒక్కో వరుసలో విద్యార్థి సంఖ్య, చివరి పేరు, మొదటి పేరు, స్థితి, వ్యాఖ్య, సెక్షన్, రెసిటేషన్, ఈమెయిల్, లాగిన్ పేరు, పాస్‌వర్డ్, అనుమతి స్థాయి ఉంటాయి. విద్యార్థికి అనుమతి స్థాయి 0, సహాయకుడికి 5, అధ్యాపకుడికి 10. విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కింది కళాశాలల్లో లాగిన్ పేరుగా యూఎస్ఎన్‌నే (విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి సంఖ్య) వాడటం ఉత్తమం. అంతర్గత మార్కుల పట్టికలన్నీ దాని మీదే నడుస్తాయి. మొదటి సెమిస్టర్‌లో యూఎస్ఎన్‌లు ఆలస్యంగా వస్తే ప్రవేశ సంఖ్యతో మొదలుపెట్టి మధ్యలో మార్చకండి. లాగిన్ పేరు మారితే చేసిన పని కొత్త పేరుకు రాదు. యూఎస్ఎన్ వచ్చేదాకా మార్కులు లెక్కకు రాని అభ్యాస సెట్‌లే ఇవ్వండి.

పేర్ల గడులు మన పేర్లకు అంత ఒదగవు. తెలుగు విద్యార్థికి ఇంటిపేరు ముందుంటుంది. తమిళ, కన్నడ విద్యార్థులలో ఎందరికో ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరు మొదటి అక్షరమో ఊరి పేరో ఉంటుంది. చివరి పేరు గడిలో ఆ అక్షరాన్నే వేసి, మొదటి పేరు గడిలో పిలిచే పేరును పూర్తిగా రాస్తే జాబితా చూసేటప్పుడు ఎవరెవరో తేలిగ్గా తెలుస్తుంది.

పాస్‌వర్డ్ గడిలో విద్యార్థి సంఖ్యనే ఉంచే అలవాటు ప్రమాదకరం. యూఎస్ఎన్‌లు వరుస సంఖ్యలు. పక్కవాడి సంఖ్య అందరికీ తెలుసు. ప్రతి ఒక్కరికీ యాదృచ్ఛికమైన పాస్‌వర్డ్ తయారుచేసి కళాశాల మెయిల్‌కు పంపండి. పీయూసీ (ఇంటర్ స్థాయి) విద్యార్థులకు ఈ సర్వర్‌ను వాడాలనుకుంటే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారిని పిల్లలుగానే పరిగణిస్తుందని గమనించి, వారి వివరాలు తీసుకునే ముందు యాజమాన్యంతో మాట్లాడండి.

తొలి సెట్

మొదటి వారం మార్కులు లేని ఒక పరిచయ సెట్ ఇవ్వండి. గణితం రాకపోవడం వల్ల తప్పులు పడవు, రాత తీరు తెలియక పడతాయి: గుణకారానికి నక్షత్రం గుర్తు, ఘాతానికి టోపీ గుర్తు, వర్గమూలానికి ఎస్‌క్యూఆర్‌టీ, కుండలీకరణాల జత. చాలామంది ఫోన్‌లోనే హోంవర్క్ చేస్తారు కాబట్టి సమీకరణాలను గీసినట్టే ఎక్కించే మ్యాథ్‌క్విల్ సహాయాన్ని కోర్సు అమరికల్లో ఆన్ చేయండి.

గడువును రాత్రి 12 గంటలకు పెట్టకండి. ఏ రోజు రాత్రి 12 అన్న సందేహం ప్రతి వారం పుడుతుంది, అందులో కొందరు ఒక రోజు పోగొట్టుకుంటారు. రాత్రి 9 గంటలకు ముగిస్తే సందేహం వచ్చినవారికి అడగడానికి మనుషులు మేలుకొని ఉంటారు, సర్వర్‌కు ఏమైనా అయితే సరిచేయడానికి మీరూ మేలుకొని ఉంటారు. గడువు దాటినా కొంత కాలం తగ్గించిన మార్కులతో చేసే సదుపాయం ఉంది. దాన్ని ఒక రోజుకు పెడితే చివరి నిమిషపు రద్దీ కొంత సడలుతుంది.

లైబ్రరీ నుంచి తీసుకున్న ప్రతి లెక్కనూ మీరే ఒక విద్యార్థి ఖాతాతో, లెక్కలోని అంకెలను నిర్ణయించే సీడ్ సంఖ్యను మారుస్తూ మూడు నాలుగు రకాల అంకెలతో చేసి చూడండి. అడుగులు, పౌండ్లు, డాలర్లలో ఉన్న లెక్కలు చాలానే కనిపిస్తాయి. ఆ లెక్క ఫైల్‌ను మీ కోర్సులోకి కాపీ చేసుకొని మీటర్లు, కిలోలు, రూపాయలుగా మార్చుకోవచ్చు. "నేను సరిగ్గానే రాశాను, అది తప్పన్నది" అనే ఫిర్యాదు వచ్చినప్పుడు ఊహించాల్సిన పని లేదు. గత జవాబుల పేజీలో విద్యార్థి ఏ నిమిషాన ఏం టైపు చేశాడో అంతా నమోదై ఉంటుంది; అతన్ని పక్కన కూర్చోబెట్టుకొని చూపించండి.

బ్యాకప్

రెండు వస్తువులు విడివిడిగా భద్రం కావాలి. మార్కులు, జవాబులు, గడువులు డేటాబేస్‌లో ఉంటాయి. మీరు మార్చిన లెక్కలు, జాబితాలు కోర్సెస్ డైరెక్టరీలో ఉంటాయి. ఒకటి లేకుండా రెండోది అక్కరకు రాదు. తెల్లవారుజామున 3 గంటలకు, అంటే ఏ గడువూ లేని వేళ, క్రాన్ (నిర్ణీత వేళకు పనులు నడిపే సాధనం) ద్వారా "మరియాడీబీ డంప్"ను నడిపి, కోర్సెస్, కాన్ఫ్ డైరెక్టరీలను టార్‌తో ఒకే ఫైల్‌గా కట్టి, రెండింటినీ మరో సంస్థ క్లౌడ్ నిల్వకో కళాశాలలోని మరో యంత్రానికో పంపండి. గడువు ఉన్న రోజున, గడువు ముగిసిన గంటకు ఇంకొక బ్యాకప్ తీయించండి. ఆ రోజు పోగొట్టుకోకూడని డేటా అదే. బ్యాకప్ ఫైల్‌లో అందరి పేర్లు, మార్కులు ఉంటాయి కాబట్టి పంపే ముందు జీపీజీతో ఎన్‌క్రిప్ట్ చేయాలి.

నెలకు ఒకసారి ఒక చిన్న తాత్కాలిక యంత్రాన్ని గంటసేపు అద్దెకు తీసుకొని, ఆ బ్యాకప్‌తో సర్వర్‌ను తిరిగి నిలబెట్టి, ఒక విద్యార్థి మార్కులు అసలు సర్వర్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో పోల్చి చూడండి. తిరిగి తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్క వేసుకోకండి.

సెమిస్టర్ ముగిశాక

వెబ్‌వర్క్ కొత్త విడుదలలకు మారే పనిని సెమిస్టర్ నడుమ పెట్టుకోకండి. సెలవుల్లో, పూర్తి బ్యాకప్ తీసి, రెండు రిపాజిటరీలనూ కొత్త శాఖకు మార్చి, "ఎన్‌పీఎం సీఐ", "చెక్ మాడ్యూల్స్" మళ్లీ నడిపి, కొత్త డిస్ట్ ఫైళ్లను మీ అమరికలతో "డిఫ్" కమాండ్ ద్వారా పోల్చి, చివరగా అడ్మిన్ కోర్సులోని అప్‌గ్రేడ్ పేజీ నుంచి కోర్సుల పట్టికలను కొత్త రూపానికి తేవాలి.

అంతర్గత మూల్యాంకన మార్కులు విశ్వవిద్యాలయానికి చేరిన తర్వాత మార్కుల పట్టికను ఫైల్‌గా దింపి విభాగాధిపతికి ఇవ్వండి. అడ్మిన్ కోర్సులోని ఆర్కైవ్ సదుపాయంతో కోర్సును ఒకే ఫైల్‌గా కట్టి భద్రపరిచి, ఆ ఫైల్ తెరుచుకుంటుందని చూసుకున్న తర్వాత సర్వర్ నుంచి కోర్సును తొలగించండి. వచ్చే బ్యాచ్ కోసం కొత్త కోర్సు తెరిచేటప్పుడు పాత కోర్సు నుంచి సెట్‌లను, మార్చిన లెక్కలను మాత్రమే తెచ్చుకోవచ్చు. అక్కడ గడువు తేదీలు నిరుటివే ఉంటాయి. విద్యార్థుల జాబితా ఎక్కించే ముందే వాటిని సరిచేయండి.